పిడికెడు బియ్యం సొమ్ము

భీమవరంలో రేకుల కొట్టు ముందు ట్రాలీ ఆటో అప్పటికే సరుకెక్కించుకుని నిలబడింది. పద్నాలుగు సిమెంటు రేకులు, ఎనిమిది ఇనుప గొట్టాలు, కొక్కేలూ మేకులూ పోసిన గోనెసంచీ ఒకటి. కొట్టు గుమాస్తా బిల్లు రాసి, ముప్ఫై ఎనిమిది వేల రెండొందలని చెప్పి, బల్ల మీదున్న స్కానరు అట్టముక్కని తబిత వైపు తిప్పాడు.

తబిత ఫోను పెట్టి స్కాన్ చేసింది. అంకె కొట్టింది. తెర మీద ఎర్ర గుర్తొచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.

"సిగ్నల్ లేనట్టుందండి" అంది.

గుమాస్తా మెడ చాచి చూశాడు. "సిగ్నల్ లేకపోతే అలా రాదండి. ఖాతాలో డబ్బుల్లేవని వచ్చిందండి అది."

పక్కన స్టూలు మీద కూర్చున్న ప్రసన్నకుమారిగారు నవ్వారు. ఆవిడ రిటైరైన టీచరు, వాళ్ళ పల్లెలో లూథరన్ చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. "మా ట్రెజరర్ దగ్గర డబ్బుల్లేకపోవడమేంటయ్యా? నలభై ఒక్క వేలున్నాయి. బ్యాంకులో ఏదో తేడా వచ్చుంటుంది. వెళ్ళి చూసుకొస్తాం, రేకులు దింపకు."

"దింపక ఏం చేస్తామండి? వెనకాల ఇంకో పార్టీ ఉన్నారు" అని గుమాస్తా కుర్రాళ్ళని కేకేశాడు. రేకులు ఒక్కొక్కటే కిందికి దిగుతుంటే తబిత అక్కడ నిలబడలేక రోడ్డు మీదికి వచ్చేసింది.

ఆ నలభై ఒక్క వేలూ పిడికెడు బియ్యం సొమ్ము. సమాజంలో ఉన్న ముప్ఫై మంది ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం గుడికి తెచ్చి గోతాంలో పోస్తారు. గోతాం నిండితే అమ్ముతారు. చాలామంది కూలికెళ్ళి తెచ్చుకునే బియ్యమే అది. రెండేళ్ళకి అంత పోగైంది. కిందటేడు తుఫానుకి సూరమ్మ పాక కప్పు ఎగిరిపోయింది. డెబ్భై ఏళ్ళ మనిషి, అప్పట్నుంచీ నీలం టార్పాలిన్ కింద ఉంటోంది. వానలు పడేలోగా ఆమెకి రేకులు వేయించాలని సమాజం తీర్మానం చేసింది. సమాజం పేరుతో బ్యాంకు ఖాతా లేదు. అందుకని ఆ సొమ్ము తబిత వాడకుండా పెట్టుకున్న పాత ఖాతాలో వేశారు. ఆమె కాన్వెంటులో టీచరు. ఒక్క రూపాయి తేడా రానివ్వదని పేరు.

బ్యాంకులో పాస్‌బుక్ మిషన్లో పెడితే కిరకిరమంటూ మూడు వరసలు పడ్డాయి. ఏప్రిల్ అయిదు, మే అయిదు, జూన్ అయిదు. ప్రతి నెలా పదమూడు వేల అయిదొందలు పోయాయి. మిగిలింది అయిదొందలు.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటరు చూసి చెప్పింది. "మీ పేరు మీద మూడు లోన్లున్నాయండి. ఫోనొకటి, ట్యాబొకటి, డ్రోన్ కెమెరా ఒకటి. ఈఎంఐలు ఈ ఖాతాకి పెట్టారు, ఆటో డెబిట్. ఇంతకుముందు నెలనెలా ఎవరో డబ్బు వేస్తూ వచ్చారండి. ఈ మూడు నెలలూ వెయ్యలేదు. ఉన్నదాంట్లోంచి కట్ అయింది."

"నేను తీసుకోలేదండి."

"మీ నంబరుకి ఓటీపీ వచ్చి ఉంటుంది కదండి. మీరు చెప్తేనే అవుతుంది."

తబితకి గుర్తొచ్చింది. ఓటీపీలు చెప్పింది. వంటింట్లో చేతులకి పిండితో ఉండగా, భర్త ఎజ్రా గుమ్మంలోంచి అడిగేవాడు. "గ్యాస్ బుక్ చేస్తున్నా, నీ ఫోనుకొచ్చిన నంబరు చదువు." చదివింది. ఒకసారి కాదు.

ప్రసన్నకుమారిగారు ఆ మాటలన్నీ విన్నారు. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. "ఆదివారం సమాజానికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను, నీ బదులు అబద్ధమూ ఆడను" అని, తబిత కోసం ఆగకుండా బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయారు.

తబిత బస్సు దిగి తిన్నగా తమ ఊరి చివర రైస్ మిల్లుకి వెళ్ళింది. ఎజ్రా అక్కడ గుమాస్తా. పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాడు, ఇరవై నాలుగు వేల జీతం. తాగడు, సిగరెట్టు తాగడు, గుడి మానడు. అతనికున్న జబ్బు ఒక్కటే. మార్కెట్లోకి కొత్త ఫోను వచ్చిందంటే అతనికి అన్నం సయించదు. చేతిలో ఉన్నది పాడైందని చెప్పడం మొదలుపెడతాడు. బ్యాటరీ నిలవట్లేదంటాడు, ఫొటోలు మసకగా వస్తున్నాయంటాడు. ఒకసారి చెవిలో పెట్టుకునేవి, ఒకసారి చేతి గడియారం, తర్వాత కూతురు ఆశాజ్యోతి చదువుకని ట్యాబు. ఆ పిల్ల రాజమండ్రి హాస్టల్లో ఉంటుంది, ట్యాబు ముట్టుకుని ఎరగదు. కిందటి క్రిస్మస్‌కి గాల్లో ఎగిరే కెమెరా తెచ్చి గుడి గోపురం మీద ఎగరేస్తే ఊరంతా నోరు తెరుచుకు చూసింది. మళ్ళీ దాన్ని పెట్టెలోంచి తీసింది లేదు. వీటన్నిటికీ డబ్బెక్కడిదని తబిత అడిగితే, మిల్లులో ఓవర్‌టైం అనేవాడు.

బస్తాల నడుమ ఆమెని చూసి ఎజ్రా గబగబా ఎదురొచ్చాడు. "ఏంటి ఇక్కడికొచ్చావు? ఇంటికెళ్ళు, సాయంత్రం మాట్లాడుకుందాం."

"సమాజం డబ్బులేమయ్యాయండి?"

అతను అటూ ఇటూ చూశాడు. "నెమ్మదిగా మాట్లాడు. ఓవర్‌టైం డబ్బులు రాగానే వేసేద్దామనుకున్నా. మూడు నెలల్నుంచీ ఇవ్వట్లేదు. చిన్న సర్దుబాటు, అంతే."

"నా పేరు మీద అప్పులేంటండి మరి?"

"నా పేరు మీద ఇవ్వట్లేదు. పాత వాయిదాలు ఒకటి రెండు తప్పాయి."

"ఎవరినడిగి సర్దావు?" తబిత గొంతు ఒక్కసారిగా లేచింది. "ఎవరి బియ్యమనుకుని సర్దావు నువ్వు?"

పదహారేళ్ళ కాపురంలో ఆమె అతన్ని 'మీరు' తప్ప మరో మాట అనలేదు. డబ్బు సంగతి కంటే ఈ 'నువ్వు' అతనికి గట్టిగా తగిలింది. కాటా దగ్గరున్న హమాలీలు పని ఆపి చూస్తున్నారు.

"ఏంటి, నువ్వంటున్నావు?"

"అంటాను. గ్యాస్ బుకింగని అబద్ధం చెప్పి నా సంతకం దొంగిలించినవాణ్ణి ఇంకేమనాలి?"

"ఫోను కొనుక్కోవడం దొంగతనమా? మా ఓనరుగారబ్బాయి ఏటా మారుస్తాడు."

"ఆయన మిల్లు ఓనరు కొడుకు. నువ్వు గుమాస్తావి."

"అదే!" ఎజ్రా పళ్ళు బిగించాడు. "గుమాస్తా, గుమాస్తా. పద్నాలుగేళ్ళ నుంచీ ఇదే. ఈ ఫోను బల్ల మీద పెడితే ఒక్కడూ నన్ను గుమాస్తాలా చూడడు. ధాన్యం తెచ్చే రైతులు కూడా అండీ అంటారు. నీకేం తెలుసు?"

తబిత అతని చొక్కా జేబు వైపు చూసింది. ఆ ఫోను ఖరీదు లక్షా ముప్ఫై నాలుగు వేలని బ్యాంకమ్మాయి చెప్పింది. ఆమె చెయ్యి చాచింది. అతను రెండు చేతులతో జేబు మూసుకుని వెనక్కి తగ్గాడు. చంటిపిల్లని లాక్కుంటారేమోనన్నట్టు మూసుకున్నాడు. అది చూశాక ఆమెకి ఇంక మాట్లాడబుద్ధి కాలేదు.

ఇంటికెళ్ళి బీరువా పైన వరసగా పేర్చిన ఖాళీ అట్టపెట్టెలు కిందికి లాగింది. లోపలి సామాన్లు వెతికి తీసింది. ట్యాబు, కెమెరా, గడియారం, చెవిలోవి, అన్నీ బియ్యం సంచిలో వేసుకుని మళ్ళీ భీమవరం బస్సెక్కింది. వాటి బిల్లులన్నీ అచ్చిబాబు అనే అతని సెల్లు కొట్టువే.

అచ్చిబాబు సంచిలో సామాను చూసి చిరునవ్వు నవ్వాడు. "ఎజ్రా సారు మిసెస్సాండి? సారు మాకు చాలా మంచి కస్టమరండి. ఎక్స్ఛేంజాండి?"

"అమ్మకం. డబ్బివ్వండి."

అతను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ట్యాబుకి ఆరు వేలు, కెమెరాకి పదకొండు వేలు, గడియారానికీ చెవిలోవాటికీ కలిపి రెండు వేలు. "మొత్తం పంతొమ్మిదండి."

"కెమెరా ఒక్కటే నలభై ఎనిమిది వేలకి మీరే అమ్మారు. ఆర్నెల్లు కాలేదు. ఒక్కసారి ఎగరేశారు."

"పెట్టె విప్పితే సగం పోతుందండి. కొత్త మోడల్ వస్తే మిగతా సగం పోతుంది. మా చేతుల్లో ఏముంటుందండి? అయినా సారుకి నష్టమేమీ లేదు, కొత్త ఫోను ఎలాగూ బుక్ చేశారు కదా."

"ఏ కొత్త ఫోను?"

అచ్చిబాబు నాలిక్కరుచుకున్నాడు. కానీ మాట జారింది. వచ్చే నెల రాబోయే ఫోనుకి ఎజ్రా కిందటి వారమే అయిదు వేలు అడ్వాన్సు కట్టాడు. సూరమ్మ కప్పుకి దాచిన డబ్బు ఖాతాలోంచి పోతోందని తెలిసి కూడా కట్టాడు.

"ఆ అయిదు వేలూ ఇచ్చెయ్యండి" అంది తబిత.

"సారు రావాలండి. అడ్వాన్సు రిఫండ్ ఉండదు కూడానండి."

తబిత కొట్టులో ఉన్న జనం వైపు తిరిగింది. కాలేజీ పిల్లలు, ఒక కొత్త దంపతులు, కూతురితో వచ్చిన ఒక ఆసామి. పిల్లలకి పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది. "ఇక్కడ నా ప్రమేయం లేకుండా నా పేరు మీద మూడు అప్పులిప్పించారు. మనిషిని చూడలేదు, సంతకం అడగలేదు. ఇదిగో బిల్లులు, అన్నిటి మీదా తబిత అని నా పేరే ఉంది. నేను ఈ కొట్టు గుమ్మం తొక్కడం ఇదే మొదలు. మీ ఇంట్లో ఆడవాళ్ళ పేరు మీద ఏమున్నాయో ఈ రోజే చూసుకోండి."

ఆసామి కూతురి చెయ్యి పట్టుకుని లేచాడు. అచ్చిబాబు ముఖం నల్లబడింది. "అమ్మా, అమ్మా, ఎందుకండీ అల్లరి?" అంటూ సొరుగు లాగాడు. మొత్తం ఇరవై నాలుగు వేలు లెక్కపెట్టి బల్ల మీదికి తోశాడు. "ఇంకెప్పుడూ రాకండి" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వెనక గదిలో స్త్రీల సమాజం కూర్చుంది. తబిత నిలబడి జరిగిందంతా చెప్పింది. ఇరవై నాలుగు వేలు బల్ల మీద పెట్టింది. ఇంకా పదిహేడు వేలు బాకీ అని చెప్పి తల వంచుకుంది.

ఎవరూ ఓదార్చలేదు. "మా కోడలు సణిగినా పిడికెడు తీసి పక్కన పెట్టానమ్మా, మీ ఆయన గాల్లో బొమ్మలెగరేసుకోవడానికా?" అంది ఒకామె. "మొగుడూ పెళ్ళాం కలిసి తిని, ఇప్పుడు మొగుడి మీద తోస్తోంది" అంది ఇంకొకామె, వినబడేలాగే. ప్రసన్నకుమారిగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు సూరమ్మ లేచింది. ఊడ్పుల్లో వంగి వంగి నడుం ఒంగిపోయిన మనిషి. "నా కప్పు సంగతేంటి?"

"జీతం రాగానే నెలనెలా..." అంది తబిత.

"వాన నెలనెలా ఆగదు కదే. పదిహేడు వేలు వచ్చేదాకా మీ ఇంట్లో ఉంటా. మీ ఇంటికి శ్లాబుంది."

"మొగల్తూరులో కూతురు దగ్గరికి వెళ్ళొచ్చు కదా మామ్మా" అని ఎవరో అన్నారు.

"నా కూతురు తిన్నదా నా డబ్బులు?" అంది సూరమ్మ.

ఆ మధ్యాహ్నమే వచ్చింది. రేకు పెట్టె ఒకటి, మడిచిన టార్పాలిన్, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. ముందుగదిలో ఫ్యాను కింద ఎజ్రా పడుకునే మంచం మీద పెట్టె పెట్టింది. కోళ్ళని మంచం కాలికి కట్టింది. ఎజ్రా లోపలికి వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పంపించెయ్ ఈమెని" అన్నాడు తబితతో.

"ఎక్కడికి?"

"ఒరే ఎజ్రా" అంది సూరమ్మ మంచం మీంచి. "నా ఇంటికప్పు జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు కదరా. తీసి పైన పరిచెయ్, దాని కింద పడుకుంటా."

అప్పట్నుంచీ ఆ ఇంట్లో శాంతి లేదు. ఎజ్రా చాప తెచ్చుకుని వరండాలో పడుకున్నాడు. సూరమ్మ అతనికి కనబడేట్టు కూర్చుని తినేది, అతను ఫోను తీసినప్పుడల్లా గట్టిగా అడిగేది. "ఎంతసేపు చూస్తావురా? అందులో నా గొట్టాలు కనబడుతున్నాయా?" అతను విసురుగా లేచి వెళ్ళిపోయేవాడు. తబితకీ ముసలామె అంటే ప్రేమేమీ కలగలేదు. కోళ్ళ కంపు, రోజంతా దెప్పిపొడుపులు, కూర బాగోలేదని కసురు. అయినా ఒక్కపూట కూడా ఆమెకి అన్నం ఆలస్యం చెయ్యలేదు. భర్తకి మాత్రం గిన్నె మూతపెట్టి ఉంచేది, వడ్డించేది కాదు.

ఒకరోజు పొద్దున అతను స్నానానికి వెళ్ళినప్పుడు తబిత కిటికీ మీదున్న ఫోను తీసుకుంది. అతని ముఖం చూస్తే తప్ప అది తెరుచుకోదు. ఇలా తాళం పడి ఉన్నది ఏ కొట్టువాడూ కొనడని కాన్వెంటులో కంప్యూటరు మాస్టారు చెప్పారు. తువ్వాలుతో బయటికొచ్చిన ఎజ్రా అది ఆమె చేతిలో చూసి నవ్వాడు. "అమ్ముకో, పో" అన్నాడు.

ఆ నవ్వు సూరమ్మ కూడా చూసింది. చద్దన్నం తిని, కర్ర పట్టుకుని, రైస్ మిల్లు గేటు దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చుంది. వచ్చిన ప్రతి లారీ డ్రైవరుకీ, ధాన్యం తెచ్చిన ప్రతి రైతుకీ చెప్పింది. "లోపల గుమాస్తా ఉన్నాడు కదా బాబూ, పెద్ద ఫోను పెట్టుకుని. నా ఇంటికప్పు తిన్నాడు బాబూ." మర్నాడూ వెళ్ళింది. వాన పడుతుంటే టార్పాలిన్ కప్పుకుని అక్కడే కూర్చుంది. మూడో రోజు మిల్లు ఓనరు ఎజ్రాని పిలిచి, ఆ ముసలామె రేపు గేటు దగ్గర కనబడితే నువ్వు లోపలికి రానక్కర్లేదని చెప్పాడు.

ఎజ్రా ఇంటికొచ్చి అన్నం కంచం గోడకేసి కొట్టాడు. "ఇద్దరూ కలిసి నా పరువు తీశారు!"

"అదీ వాయిదాల మీద తెచ్చుకున్నదేగా" అంది తబిత. వంగి మెతుకులు ఎత్తుకుంది, కోళ్ళకి వేసింది.

మర్నాడు ముగ్గురూ ఒకే ఆటోలో భీమవరం వెళ్ళారు. అచ్చిబాబు కొట్టుకి కాదు, బస్టాండు వెనక పాత ఫోన్లు కొనే ఇంకో కొట్టుకి. అక్కడి అతను ఫోనుని వెలుగులో తిప్పి తిప్పి చూసి యాభై అయిదు వేలన్నాడు. "లోపలున్నదంతా తీసేసి ఇవ్వండి సార్."

ఎజ్రా ఫోను ముఖానికెదురుగా పెట్టుకున్నాడు. అది తెరుచుకుంది. ఏవేవో నొక్కుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఆఖరి బొత్తాం దగ్గర అతని వేలు ఆగిపోయింది. తబిత చూస్తుండగానే అతని కళ్ళ నుంచి నీళ్ళు జారి తెర మీద పడ్డాయి. చొక్కా అంచుతో తెర తుడిచాడు, ముఖం తుడుచుకోలేదు.

తండ్రిని సమాధి చేసిన రోజు ఎజ్రా ఏడవలేదు. ఆశాజ్యోతికి డెంగ్యూ వచ్చి నాలుగు రోజులు కళ్ళు తెరవనప్పుడూ ఏడవలేదు. గుండె గట్టివాడనుకుంది తబిత ఇన్నాళ్ళూ. ఇప్పుడామెకి జాలి కలగలేదు సరికదా, లోపల ఇంకా మిగిలి ఉన్నదేదో కూడా చల్లారిపోయింది.

"నొక్కు" అంది.

అతను నొక్కాడు.

ఆ సాయంత్రమే రేకుల కొట్టుకి డబ్బు కట్టారు. రెండు రోజుల్లో సూరమ్మ ఇంటికి కప్పు పడింది. ఎజ్రా రేకులు మోశాడు. సూరమ్మ పెట్టె, కోళ్ళు తీసుకుని వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "నీ ఇంట్లో ఫ్యాను బాగా తిరగదు" అంది తబితతో. ఫోను డబ్బులో మిగిలినదానితో తబిత కెమెరా అప్పు, ట్యాబు అప్పు తీర్చేసింది. ఫోను అప్పు మిగిలింది. ఇంట్లో లేని ఫోనుకి ఇంకా తొమ్మిది నెలలు, నెలకి ఆరు వేల తొమ్మిదొందలు. ఎజ్రా జీతం వచ్చే కార్డు ఆమె అడిగి తీసుకుంది. అతను బల్ల మీద పడేశాడు, చేతికివ్వలేదు.

తర్వాతి సమావేశంలో ప్రసన్నకుమారిగారు, డబ్బంతా తిరిగొచ్చింది కాబట్టి తబితనే ట్రెజరర్‌గా ఉంచుదామా అని అడిగారు. కొందరు ఊఁ అన్నారు. అడ్డుపడింది సూరమ్మే.

"మంచి పిల్లే. పన్నెండు రోజులు అన్నం పెట్టింది. కానీ డబ్బు మాత్రం ఆ ఇంట్లో పెట్టకండి."

తబితకి చెంపమీద కొట్టినట్టయింది. ఆ మాట తప్పు అని మాత్రం అనలేకపోయింది. లెక్కల పుస్తకం ప్రసన్నకుమారిగారి ముందు పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన బియ్యం గోతాంలో పోసి వచ్చేసింది.

సోమవారం సెలవు పెట్టి భీమవరంలో ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్ళింది. తీరిన రెండు అప్పులకీ కాగితాలడిగింది. టై కట్టుకున్న కుర్రాడు కంప్యూటరు చూస్తూ ముఖం వెలిగించుకున్నాడు.

"మేడమ్, రెండు లోన్లు ముందుగానే కట్టేశారు కదండి, మీ రికార్డు చాలా బాగుంది. లక్షన్నర దాకా కొత్త ఫోనుకి ఆఫర్ వచ్చిందండి మీ పేరు మీద. ఓటీపీ చెప్తే చాలు."

తబిత అతని ముఖంలోకి చూసింది. "నా పేరు తీసెయ్యండి. ఇంకెప్పుడూ ఏ ఆఫరూ రాకూడదు. కాగితం మీద రాసివ్వండి."

"అలా తీయడం మా చేతిలో ఉండదండి. సిస్టమ్ దానంతటదే ఇస్తుంది."

"ఎవరి చేతిలో ఉందో వాళ్ళని పిలవండి."

"మేనేజరుగారు మధ్యాహ్నం తర్వాత గానీ రారండి."

"రానివ్వండి" అని తబిత కుర్చీ లాక్కుని అతని బల్లకి ఎదురుగా కూర్చుంది. వెనక వరసలో జనం పెరుగుతున్నారు. కుర్రాడు ఒకటికి రెండుసార్లు పక్కకి జరగమన్నాడు. ఆమె జరగలేదు.